కాలని కాళ్ళకు చల్లని నీళ్ళు

మా ఊళ్ళో సత్తెమ్మ తల్లి గుండం తొక్కితే కాళ్ళు కాలవు. ఎవరికైనా కాలిందంటే ఆ తప్పు నిప్పుది కాదు, తల్లిది అసలే కాదు, ఆ కాళ్ళు ఎవరివో వాళ్ళది. ఆ ఏడాదిలో వాడు ఎక్కడో ఏదో చేసే ఉంటాడు. వెనకటికి వడ్ల వ్యాపారి ఒకాయన గుండం దిగి నాలుగడుగులు కుంటుతూ నడిచాడు. మర్నాడు పొద్దున్నే ఊరు ఊరంతా ఇళ్ళల్లోని బస్తాలు బయటికి తెచ్చి మళ్ళీ తూయించుకుంది. ఆ వ్యాపారి మా ఊళ్ళో మరి కాటా పెట్టలేదు.

ఇంత గట్టి నమ్మకం ఉన్న మా వాళ్ళు గుండం దిగగానే ఏం చేస్తారంటే, తిన్నగా పక్కనున్న పంటకాలవ దగ్గరికి వెళ్ళి, నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చుంటారు. దాన్ని ‘తల్లికి చలవ’ అంటారు. తల్లికి చలవ చెయ్యాలంటే తల్లి కాళ్ళ మీద నీళ్ళు పొయ్యాలి గాని మన కాళ్ళు నానబెట్టుకోవడమేమిటని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. చుట్టలు ముట్టించుకుని, మినుముల ధరా అల్లుళ్ళ గొప్పలూ చెప్పుకుంటూ పొద్దుపోయేదాకా అలా కూర్చుని, లేచి ఎవరిళ్ళకి వాళ్ళు పోయేవారు. తల్లి మహిమ చెక్కుచెదరకుండా ఉండేది. కాళ్ళూ అంతే.

ఇలా ఉండగా ‘కాలిన గాయానికి చల్లని నీరు’ పక్షోత్సవాలు వచ్చాయి. మా మండలానికి వాటి సమన్వయాధికారిగా రేమెళ్ళ విద్యాధరం గారిని వేశారు. ఆయన పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేయించి, ఊరందరినీ కూర్చోబెట్టి, మైకు ముందు గొంతు సవరించుకున్నారు.

“గ్రామ సోదర సోదరీమణులారా! స్వల్ప దగ్ధ గాయము సంభవించిన తక్షణమే బాధిత భాగమును ఇరవై నిమిషముల పాటు పారుచున్న చల్లని నీటి క్రింద ఉంచవలెను. ఉంగరములు, గాజులు ముందుగా తొలగించవలెను. ఐసు కూడదు. టూత్‌పేస్టు కూడదు. సిరా, పసుపు, దోసెల పిండి ఏమాత్రము కూడదు. బొబ్బలు చిదుపరాదు. పిమ్మట పరిశుభ్రమైన వస్త్రమును వదులుగా కప్పవలెను. గాయము పెద్దదైనచో ఆసుపత్రికి పోవలెను.”

చెప్పిన మాట ముత్యంలాంటి మాట. అందులో వంక పెట్టడానికి లేదు. ముందు వరసలో కూర్చున్న అచ్చియ్యమ్మ గారికి కూడా అలాగే తోచింది. ఆవిడ మా సర్పంచి కర్రి భామిరెడ్డి గారి భార్య. 

“దానికేముంది బాబూ,” అంది ఆవిడ చెయ్యెత్తి, “మా వాళ్ళు ఏటా చేసేది అదేగా. గుండం దిగ్గానే...”

భామిరెడ్డి గారికి ఒక్కసారిగా దగ్గు తెర వచ్చింది. “ఊరుకోవే! నీ నోట్లో నువ్వుగింజ నానదు,” అని గొణిగి, అధికారి వైపు తిరిగి నవ్వారు. “జాతరకి మాకు నీళ్ళకి కొదవ లేదని చెప్తందండి, ఆయ్.”

విద్యాధరం గారు కళ్ళజోడు సవరించుకున్నారు. “జాతర! ఆ విషయమునకే వచ్చుచున్నాను. నిప్పుల గుండము నందు సాలీనా ఎందరికి కాళ్ళు కాలుచున్నవి?”

“ఎవ్వరికీ కాలవండి.”

“ఒక్కరికైనను?”

“చల్లని తల్లండి మాది.”

“అటులైన గుండము దిగిన వెంటనే కాలువలో పాదములుంచుదురని మాకు సమాచారము కలదు. ఎందుకు?”

సభ మొత్తం సర్పంచి మొహంలోకి చూసింది. చల్లబరచుకోడానికండీ అని ఆయన ఆ ఒక్కమాట అనుంటే, విద్యాధరం గారు ఆ కాలవకే దండ వేసి, ఫొటో తీయించి, ఆదర్శ గ్రామమని రాసుకుని వెళ్ళిపోయేవారు. కాని పైనెల పంచాయతీ ఎన్నికలు. ఎదురు పోటీ చేస్తున్న పడాల గంగిరెడ్డి రెండో వరసలోనే కూర్చుని ఉన్నాడు. వరసకి బావమరిది. సర్పంచి కాళ్ళు కాలతాయని సర్పంచే ఒప్పుకున్నాక ఇక గంగిరెడ్డికి ప్రచారం ఎందుకు?

“ఊరికేనండి,” అన్నారు భామిరెడ్డి గారు. “ఆచారం.”

“ప్రయోజనము?”

“ఏమీ లేదండి.”

“ఇసుమంత కూడా లేదండి,” అన్నాడు గంగిరెడ్డి లేచి నిలబడి. అతనూ ఏటా గుండం తొక్కుతాడు మరి. ఊరి రాజకీయాల్లో బావా బావమరుదులిద్దరూ ఒక మాట మీద నిలబడటం అదే మొదలు.

విద్యాధరం గారు అక్కడికక్కడే ఉత్తర్వు చెప్పి రాయించారు. ప్రయోజన రహిత ఆచారము. జారుడు మరియు నిమజ్జన ప్రమాదము. జాతర దినమున కాలువ రేవు మూసివేయవలెను. గుండము చెంతనే కుళాయి సహిత శీతలీకరణ శిబిరము నెలకొల్పవలెను.

జాతర రోజు వచ్చింది. కాలవ రేవుకి అడ్డంగా వెదురు దడి, దడి ముందు ఇద్దరు పోలీసులు. గుండం పక్కనే శిబిరం. ఎత్తుబల్ల మీద నీళ్ళ డ్రమ్ము, దానికి నిగనిగలాడే కుళాయి, ముందు కుర్చీ, పక్కన మందుల పెట్టెతో నర్సమ్మ. వెనక బేనరు: ‘గుండమునందు కాలినవారు ఇచ్చట చల్లబరచబడుదురు.’ చల్లబడినవారి పేరు, తండ్రి పేరు, వీధి పేరు మైకులో చదివి, శాలువా కప్పి, ఫొటో తీస్తారు. లబ్ధిదారుడికి గౌరవం దక్కాలని విద్యాధరం గారి అభిప్రాయం.

సరుగుడు దుంగలు తెల్లారగట్ల నుంచీ మండి సాయంత్రానికి కణకణలాడే నిప్పులయ్యాయి. డప్పులు మోగాయి. పసుపుబట్టలు కట్టి, వేపమండలు పట్టి, ముందుగా సర్పంచి హోదాలో భామిరెడ్డి గారు గుండం తొక్కారు. ఆ వెనకే గంగిరెడ్డి. ఆ వెనక మొక్కున్నవాళ్ళందరూ.

ఎవరి కాళ్ళూ కాలలేదు. భామిరెడ్డి గారివి కాలకుండానే ఎర్రబడ్డాయి. గంగిరెడ్డివి కాలకుండానే చురచురలాడాయి. అలవాటు చొప్పున అందరూ గబగబా కాలవ వైపు నడిచారు.

“దారి లేదండి,” అన్నాడు దడి దగ్గరి పోలీసు. “కాలినోళ్ళు శిబిరానికెళ్ళాలంట.”

“కాలినోళ్ళెవరయ్యా ఇక్కడ?” అన్నారు భామిరెడ్డి గారు, కోపంగా వెనక్కి తిరిగి. ఆయన వెనకే అందరూ తిరిగారు.

వచ్చి గుండం చుట్టూ నిలబడ్డారు. అందరి మొహాల్లోనూ చిరునవ్వులు. ఒకతనికి ఉన్నట్టుండి భక్తి పొంగి, నాలుగు కొబ్బరికాయలు వరసగా తన కాళ్ళ దగ్గరే కొట్టుకున్నాడు. అది చూసి మిగతావాళ్ళకీ భక్తి కలిగింది గాని అప్పటికే దుకాణంలో కాయలు నిండుకున్నాయి.

బావా బావమరుదులు ఎదురెదురుగా నిలబడిపోయారు. ఒకరు కుళాయి వైపు అడుగేస్తే రెండోవారు గెలిచినట్టే.

“ఏం బావా, నుంచున్నావు? కూర్చోరాదూ?” అన్నాడు గంగిరెడ్డి.

“నుంచుంటే తల్లి బాగా కనపడతందిరా గంగిరెడ్డీ. నువ్వేంటి, ఒంటికాలి మీదున్నావు?”

“తపస్సు బావా. ఎప్పట్నించో అనుకుంటన్నాను.”

“కాళ్ళు మార్చి మార్చి చేస్తన్నావే తపస్సు?”

“రెండో కాలికి మాత్రం పుణ్యం రావద్దా?”

అచ్చియ్యమ్మ గారు మొగుడి మొహం చూడలేదు. వేళ్ళు చూసింది. బొటనవేళ్ళు రెండూ పైకి లేచి, మడమల మీద భారం వేసి నిలబడి ఉన్నాయి. “కాస్త మంచినీళ్ళు తేనా?” అంది దగ్గరికొచ్చి, నెమ్మదిగా.

“తాగడానికైతే వద్దు,” అన్నారాయన పళ్ళ బిగువున.

అవతల మైకు ఊరుకోవడం లేదు. “కాలినవారు దయచేసి ముందుకు రావలెను! సిగ్గుపడవలదు! సమయము గడిచినకొలదీ బొబ్బలెక్కును!” 

ఒక్కరూ కదలలేదు. కుళాయి కింద నేల పొడిగా ఉంది. పళ్ళెంలో శాలువాలు మడత నలగలేదు. విద్యాధరం గారు చేతి గడియారం చూసుకున్నారు. శిబిరం చూడటానికి ఆయన పై అధికారి, జిల్లా మేడమ్ గారు బయల్దేరారు. ఆవిడ వచ్చేసరికి శిబిరంలో లబ్ధిదారులు కళకళలాడుతూ ఉండాలి. లేకపోతే ఆయన మొహంలో కళ ఉండదు.

“గుండము తొక్కిన ప్రతి ఒక్కరును, కాలినను కాలకున్నను, చల్లబరచబడవలెను!” అని కొత్త ఉత్తర్వు వేశారు.

“అందర్నీ చల్లబరిస్తే అందరూ కాలినట్టే కదండీ లెక్క?” అన్నాడు గంగిరెడ్డి. “ఊరికి మచ్చ కాదూ?”

“అక్షరాలా,” అన్నారు భామిరెడ్డి గారు కళ్ళు మూసుకుని.

విద్యాధరం గారు ఒక్క క్షణం ఆలోచించారు. చదువుకున్న మనిషి. “మంచిది. కాలలేదని చెప్పువారు కాలలేదని రుజువు చేసుకొనవలెను. ఒక్కొక్కరుగా వచ్చి, అరికాలు ఎత్తి, ఈ ముక్కాలిపీట మీద ఉంచి, నర్సు గారిచే పరీక్ష చేయించుకొని, సభాముఖముగా అదగ్ధ పాద ధ్రువపత్రము పొందవలెను. ముందుగా గ్రామ ప్రథమ పౌరులు సర్పంచ్ గారు!”

ముక్కాలిపీట వచ్చింది. నర్సమ్మ టార్చిలైటు వెలిగించి చూసుకుంది. జనం ముందుకు జరిగారు. పిల్లల్ని భుజాల మీదికి ఎక్కించుకున్నారు.

భామిరెడ్డి గారు ముప్ఫయ్యేళ్ళుగా సంపాదించుకున్న పెద్దరికమంతా ఆ క్షణాన ఆయన అరికాళ్ళ కింద ఉంది.

“ముందు పోటీలో ఉన్నవారిని పిలవడం మర్యాదండి,” అన్నారు ఆయన.

“పెద్దవాడివి బావా. నీ తరవాతే ఎవరైనా,” అన్నాడు గంగిరెడ్డి, కాలు మార్చుకుని.

“లేదురా, నువ్వే...”

“అబ్బే, నువ్వే...”

ఈ మర్యాదలు సాగుతుండగానే అచ్చియ్యమ్మ గారు కొంగు నడుముకి దోపి, తిన్నగా వెళ్ళి కుళాయి ముందు కుర్చీలో కూర్చుంది. చేతికున్న గాజులు ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకుంది.

“బాబూ, పొద్దున్న తల్లికి గారెలొండతంటే నూనె చిందింది. ఇదిగో, చూడు.”

ఆవిడ మణికట్టు మీద ఎర్రటి చుక్క ఉన్నమాట నిజం. అది ఆ పొద్దుటిదో, పోయిన శ్రావణమాసానిదో అంత పట్టిపట్టి చూడటానికి నర్సమ్మకి వ్యవధి లేదు.

“అమ్మా, ఈ శిబిరము గుండమునందు కాలిన పాదములకు ఉద్దేశింపబడినది,” అన్నారు విద్యాధరం గారు.

“ఇందాకట్నించీ మైకులో ‘కాలినవారు రండి, రండి’ అని అరుస్తన్నావు. పాపం ఎవరూ రాలేదు కదా, నేనైనా వద్దామని వచ్చాను. పొమ్మంటే పోతాను నాయనా.”

పొమ్మనడానికి విద్యాధరం గారికి నోరు రాలేదు. పొద్దుటినుంచీ ఆయన చూసిన మొదటి లబ్ధిదారు ఆవిడ. మైకు అందుకున్నారు. “తొలి లబ్ధిదారు! కర్రి అచ్చియ్యమ్మ గారు! గారెల నూనె!”

జనంలోంచి “అయ్యో పాపం” అన్న మాట తప్ప ఇంకే మాటా రాలేదు. గారెల నూనె పాపపుణ్యాలు చూసి చిందదని అందరికీ తెలుసు.

కుళాయి తిప్పారు. నీళ్ళు ఆవిడ మణికట్టు మీదనుంచి దూకి కిందపడ్డాయి. నీళ్ళు పోవడానికి కాలవ తీయమని ఉత్తర్వులో రాయలేదు కనక ఎవరూ తియ్యలేదు. కాసేపట్లో అక్కడ చీలమండ మునిగేంత మడుగు తయారైంది.

“ఇరవై నిమిషాలు నేను చెయ్యి చాపుకు కూర్చోలేను బాబూ, వణుకుతంది. పట్టుకునేవాళ్ళుండాలి. ఏవండీ! మిమ్మల్నేనండీ! ఇలా రండి.”

భార్య బాధలో ఉంటే వెళ్ళని మగాడు మగాడా? భామిరెడ్డి గారు నిబ్బరంగా, ఒక్కొక్క అడుగే వేసుకుంటూ వెళ్ళారు. 

“అక్కడ కాదండీ, అటునుంచి నాకు అందదు. ఇటు, కుళాయి కిందకి రండి. ఇంకా ముందుకి. రెండు కాళ్ళూ. ఆఁ, అలా నుంచోండి.”

ఆయన భార్య చెయ్యి పట్టుకున్నారు. నీళ్ళు ఆవిడ చేతి మీదుగా జారి, ఆయన పాదాల మీద పడి, వేళ్ళ సందుల్లోంచి పారాయి. ఆయన నోట్లోంచి ఒక పెద్ద నిట్టూర్పు వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

“సర్పంచ్ గారూ, కన్నీరు?” అన్నారు విద్యాధరం గారు.

“మా ఆవిడ బాధ చూడలేకండి,” అన్నారు భామిరెడ్డి గారు గద్గదంగా.

ఒంటికాలి మీద తపస్సులో ఉన్న గంగిరెడ్డి ఈ దాంపత్యం కళ్ళప్పగించి చూశాడు. చటుక్కున జనంలో ఉన్న పెళ్ళాం వైపు తిరిగాడు. 

“ఏవే మంగాయమ్మా! పొద్దున్న నీ చెయ్యి కాలింది కదూ?”

“నాకా? లేదండీ. నేనివాళ గారెలే వండలేదు.”

“బూరెలొండేవు కదే!”

“వండేను గాని ఏమీ కాల్లేదండీ. లక్షణంగా వచ్చేయి.”

“బాగా ఆలోచించుకో మంగాయమ్మా!” అన్నాడు గంగిరెడ్డి. ఆ గొంతులో ఉన్నది ఆజ్ఞ కాదు, మొర. మంగాయమ్మ మొగుడి మొహం చూసింది, కాళ్ళు చూసింది, మడుగు చూసింది.

“ఓలమ్మో!” అని చెయ్యి పట్టుకుంది. “ఇప్పుడు మండుతంది!”

ఆ తరవాత మా ఊరి వంటిళ్ళల్లో ఆ పొద్దున్న ఎంత ఘోరం జరిగిందో ఒక్కొక్కటే బయటపడింది. ఒకరికి గారెలు, ఒకరికి బూరెలు, ఒకరికి పులిహోర తాలింపు. ఒకావిడకి కాచిన పాలు కూడా చిందాయి. పెళ్ళయినవాళ్ళు పెళ్ళాల్ని పట్టుకొచ్చారు. కానివాళ్ళు అమ్మల్నీ వదినల్నీ తెచ్చారు. కుళాయి ఒక్కటే అయినా ఆడవాళ్ళు సర్దుకుని చుట్టూ చేతులు చాపారు. మగవాళ్ళు మడుగులో కిక్కిరిసి నిలబడి, ఆపదలో ఉన్న ఇల్లాళ్ళ చేతులు పట్టుకుని, ఎదుటివాడి కాలు జరిపి తమ కాలు పెట్టుకున్నారు. డ్రమ్ము ఖాళీ అయితే పంచాయతీ ట్యాంకరు తెప్పించారు. మినుముల ధరలూ అల్లుళ్ళ గొప్పలూ మళ్ళీ మొదలయ్యాయి. శాలువాలు చాలక విద్యాధరం గారు షామియానా గుడ్డల వైపు కూడా ఒకసారి చూశారు.

అంతలో జిల్లా మేడమ్ గారు కారు దిగారు. శిబిరం చూసి ముచ్చటపడ్డారు. విద్యాధరం గారు నిటారుగా నిలబడి నివేదిక చదివారు. “గుండము తొక్కినవారిలో కాలినవారు శూన్యము మేడమ్. వంటలు చేసినవారిలో కాలనివారు శూన్యము.”

మేడమ్ గారు తల పంకించారు. “అంటే ప్రమాదం గుండం వల్ల కాదు, గారెల వల్లన్నమాట.”

“గణాంకములు అటులనే ఘోషించుచున్నవి మేడమ్.”

“అయితే వచ్చే ఏడాది నుంచి జాతర రోజు ఊళ్ళో బాణలి పెట్టకూడదు. గుండాన్ని సురక్షిత కార్యక్రమంగా ప్రకటిద్దాం. సర్పంచ్ గారూ, మీరేమంటారు?”

“ఎప్పట్నించో మా మనసులో ఉన్న మాటండి,” అన్నారు మడుగులోంచి భామిరెడ్డి గారు. అచ్చియ్యమ్మ గారు ఆయన చెయ్యి గట్టిగా గిల్లింది.

మేడమ్ గారికి ఇంకో ఆలోచన కూడా వచ్చింది. పెద్ద అధికారులకి ఆలోచనలు జంటగా వస్తాయి. “మన శాఖకి మన నివేదిక మీద నమ్మకం ఉందని జనానికి కనిపించాలి. విద్యాధరం గారూ, మీరు ఒక్కసారి గుండం దాటండి. ఫొటో తీయిద్దాం.”

విద్యాధరం గారు గుండం వైపు చూశారు. చేతిలో ఉన్న నివేదిక వైపు చూశారు. కింద తన సంతకమే ఉంది. కాళ్ళు కాలితే నివేదిక తప్పు. నివేదిక తప్పయితే మేడమ్ గారి ఉత్తర్వు తప్పు. మేడమ్ గారి ఉత్తర్వు తప్పు కావడం సర్వీసు రూల్సులో లేదు. ఆయన బూట్లు విప్పారు, మేజోళ్ళు మడిచి అందులో పెట్టారు, పంట్లాము పైకి మడుచుకున్నారు. డప్పులు మోగాయి.

ఫొటో బాగానే వచ్చిందట. అవతలి గట్టు మీద దిగాక విద్యాధరం గారు కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నారు.

“ఎలా ఉంది?” అన్నారు మేడమ్ గారు.

“అ... అదగ్ధముగానే ఉన్నది మేడమ్,” అన్నారు విద్యాధరం గారు. అని ఒక కాలు పైకి ఎత్తారు. అది దింపి రెండోది ఎత్తారు.

మడుగులో ఉన్న మగవాళ్ళందరూ మాటలాపి ఆయన్నే చూశారు. ఒక్కరూ నవ్వలేదు. అవస్థ తెలిసినవాళ్ళు. ఆయన కూడా వాళ్ళ కాళ్ళ వైపు చూశారు. ఆ కాళ్ళ చుట్టూ పారుతున్న నీళ్ళ వైపు చూశారు. చూడగా చూడగా ఆయన మొహంలోకి ఏదో తెలివి వచ్చినట్టనిపించింది. తెలిసి మాత్రం ఏం లాభం? ఆయన భార్య పట్నంలో ఉంది. 

“తమ్ముడూ!” అని పిలిచింది అచ్చియ్యమ్మ గారు.

ఆయన తలెత్తారు.

“నా ఎడం చెయ్యి కూడా కాలిందయ్యా. కంగారులో ఇందాక చూసుకోలేదు. మా ఆయన ఒక్కడూ రెండు చేతులు పట్టుకోలేకపోతన్నాడు. కాస్త నువ్వొచ్చి ఇది పట్టుకుందూ, పుణ్యముంటుంది.”

విద్యాధరం గారు ఇంకేమీ అడగలేదు. మూడంగల్లో వచ్చి మడుగులో దిగారు. గంగిరెడ్డి పక్కకి జరిగి చోటిచ్చాడు. విద్యాధరం గారు ఆ అక్కగారి ఎడం చెయ్యి రెండు చేతులతో పట్టుకుని, కళ్ళు మూసుకుని, ఆ కుళాయికే దణ్ణం పెడుతున్నట్టు నిలబడిపోయారు.

“విద్యాధరం గారూ, అక్కడేం చేస్తున్నారు?” అన్నారు మేడమ్ గారు దూరం నుంచి. “ఆలస్యమవుతోంది, బయల్దేరుదాం.”

“లబ్ధిదారుకు సహకరించుచున్నాను మేడమ్. వచ్చుచున్నాను,” అని ఆయన ఒక అడుగు వెనక్కి వెయ్యబోయారు.

భామిరెడ్డి గారు ఆయన భుజం మీద చెయ్యి వేసి ఆపారు. 

“కదలకండి బాబూ. ఇరవై నిమిషాలని మీరే కదండీ చెప్పేరు. ఆవిడ చెయ్యి ఇంకా చల్లారలేదు,” అని, విద్యాధరం గారి రెండో కాలుని తన కాలితో నెమ్మదిగా కుళాయి ధార కిందికి జరిపారు.